అత్తమ్మ నీలిమందు

మొన్న మా బడిలో సైన్సు గది ముందు నుంచి పోతుంటే స్పిరిటు దీపం వాసన వచ్చి ఆగిపోయాను. లోపల సైన్సు టీచరు గాజు గొట్టంలో నీలిరంగు మందు పోసి, అందులో గ్లూకోజు నీళ్ళ చుక్కలు వేసి, మంట మీద పట్టుకున్నాడు. నీలం ముందు పలచబడింది. ఆకుపచ్చకు తిరిగింది. పసుపైంది. చూస్తుండగానే ఇటుకపొడి కలిపినట్టు ఎర్రబడిపోయింది. పిల్లలంతా "అబ్బా" అని ఒక్కసారే అరిచారు. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. అది వచ్చిన పొద్దున మా అత్తమ్మ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని, ఎదురుగా నిలబడ్డ మనిషిని అడిగినట్టు అడిగేది: "ఏందే, నిన్న నీకేం తక్కువ చేసిన?"

ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు.

అత్తమ్మ మా నాయినకు సొంత అక్క. మామ ఎప్పుడో పోయాడు. చెరుకు తోట కొడుకు చూసుకునేవాడు, ఇల్లు కోడలు చూసుకునేది, ఆ ఇద్దరినీ అత్తమ్మ చూసుకునేది. డెబ్బైల చివర నాకు జహీరాబాద్‌లో ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు నాయిన నన్ను కోహీర్ నుంచి బస్సులో తీసుకొచ్చి వాళ్ళింట్లో దించాడు. పెళ్ళయ్యాక కూడా ఆ ఊళ్ళోనే, ఆ వెనక గల్లీలోనే ఉన్నాను. అందుకని ఆమె మధ్యవయసు ముసలితనంలోకి దిగడం దగ్గరుండి చూశాను.

ఆమె గట్టి మనిషి. గోచి పెట్టి కట్టిన చీర, నడుముకు చేతులు, మాటకు ముందు ఒక చిన్న దగ్గు. కూర్చుంటే ఊరికే కూర్చోలేదు, ఏదో ఒకటి ఏరుతూనో వలుస్తూనో ఉండాలి. అలాంటి మనిషి కాలికి చెప్పు కొరికి చిన్న పుండయింది. అది ఎన్నాళ్ళకూ మానలేదు. నేనే పోరి దవాఖానకు తోలుకపోయాను.

డాక్టరు చిన్నవాడే. పుండు చూసి, మూత్రం పట్టించి, లోపలి గదిలోకి పోయి వచ్చాడు. "షుగర్ వచ్చిందమ్మా" అన్నాడు.

"వస్తె వచ్చింది. ఎప్పుడు పోతది?"

"పోదమ్మా. చెప్పినట్టు వింటె మాత్రం ఊకుంటది."

అత్తమ్మ దగ్గింది. "ఎవరు చెప్పినట్టు? మీరు చెప్పినట్టా, నేను చెప్పినట్టా?"

డాక్టరుకు నవ్వొచ్చింది. "మీరు చెప్పినట్టే వినాలె. రోజూ నా దగ్గరికి యేడ వస్తరు? ఇంట్లనే చూసుకోన్రి" అని ఆమెను లోపలికి పిలిచి నీలిమందు చూపించాడు, దీపం వెలిగించి చూపించాడు. ఏ రంగుకు ఏమర్థమో చెప్పాడు. అన్నం తగ్గించమన్నాడు, నడవమన్నాడు, పాదాలు జాగ్రత్త అన్నాడు. నేను పక్కన నిలబడి సగం మర్చిపోయాను. ఆమె ఒక్కటి మర్చిపోలేదు.

మర్నాటి నుంచి ఛాయ్ కంటే ముందు నీలిమందే. పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చునేది. బిస్కెట్ల డబ్బాలో సీసా, గొట్టం, దీపం. గొట్టం పట్టుకోవడానికి బట్టలకు పెట్టే చెక్క క్లిప్పు. కొంగు మంటకు తగలకుండా నడుములో దోపుకొని, ఒక కన్ను సగం మూసి, చుక్కలు వేసేది. రంగు తిరిగేదాకా ఎవరు పిలిచినా పలికేది కాదు. తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి అందరికీ వినపడేటట్టు చెప్పేది: "ఇయ్యాల శనగాకు రంగు." అంటే మంచిదే. "ఇయ్యాల పసుపు." అంటే నిన్న ఎక్కడో తప్పింది. ఎరుపైతే ఆ రోజు కోడలు కూడా గిన్నెలు చప్పుడు చేసేది కాదు.

కోడలు మొదట్లో ముక్కు మూసుకునేది. "అత్తా, గిదంత ఎందుకు? నెలకొక్కసారి డాక్టర్ దగ్గరికి పోతె సాలదా?"

"పక్కింట్ల ఏమైతుందో నీకు తెల్వాలె, ఎదురింట్ల ఏమైతుందో తెల్వాలె. నా ఒంట్ల ఏమైతుందో నాకు తెల్వద్దా?"

ఈ సంగతి గల్లీకి వేరే తీరుగా పోయింది. పొద్దున్నే పెరట్లో దీపం పెట్టుకొని నీలిమందు కాగబెడుతుందని, దాంతో మాట్లాడుతుందని, రంగులు మారుస్తుందని. అదే సమయంలో ఎదురింటావిడ బర్రె పాలు ఎగబెట్టింది. ఇక చెప్పాలా? మంత్రాలు పట్టిందన్నారు. నీళ్ళ కోసం వచ్చే ఆడవాళ్ళు రావడం మానేశారు. ఒకావిడ తన మనవణ్ణి మా గడప తొక్కనియ్యలేదు. కొడుకు తలుపు వేసుకొని తల్లి మీద మండిపడ్డాడు. "నీ దవాఖాన ఇంట్లొద్దే అమ్మా. ముఖం చూపెట్టలేకపోతున్న."

ఆ సాయంత్రం అత్తమ్మే ఇంటింటికీ పోయి, పొద్దున రమ్మని పిలిచింది. భయపడుతూనే నలుగురైదుగురు వచ్చారు. బర్రె ఆవిడ అందరికంటే వెనక, గోడ పట్టుకొని నిలబడింది.

"గిదేందో తెలుసా?" అని చిన్న సీసా ఎత్తి చూపించింది అత్తమ్మ. "నా ఉచ్చ."

ఎవరో ఫక్కున నవ్వి నోట్లో కొంగు కుక్కుకున్నారు. అత్తమ్మ నవ్వలేదు. చుక్కలు వేసి, కాగబెట్టి, రంగు చూపించి, ఏ రంగుకు ఒంట్లో ఏముందో చెప్పింది. "నాకు మంత్రమే వస్తె ముందుగాల ఈ రోగాన్నే ఎళ్ళగొడుదును" అంది. వచ్చినవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకొని కదిలారు. బర్రె ఆవిడ మాత్రం నిలబడే ఉంది. కాసేపటికి మెల్లగా అడిగింది.

"అక్కా, నాది గూడ చూస్తవా? ఈమధ్య ఎన్ని నీళ్ళు తాగినా దూప ఆగుతలేదు. ఊకె ఒంటికి లేస్తున్న."

ఆమెది ఎర్రగా వచ్చింది. ఇటుక కంటే ఎర్రగా. ఆవిడకు అర్థమైపోయి బండ మీద కూలబడింది. అత్తమ్మ దీపం ఆర్పి, ఆమె పక్కన కూర్చొని వీపు మీద చెయ్యి వేసింది. "ఫికర్ చేయకు. నేను లేనా? నాకున్నదే నీకు గూడ. దా, ముఖం కడుక్కో, దవాఖానకు పోదం." రిక్షాలో తానే తీసుకుపోయింది. మా ఇంటి మీద మాటలు పుట్టించింది ఆవిడేనని మా అందరికీ తెలుసు. అత్తమ్మ నోట ఆ మాట ఎన్నడూ రాలేదు.

ఆ ఇద్దరూ కలిసి నడవడం మొదలుపెట్టారు. పొద్దు పొడవక ముందే బొంబాయి రోడ్డు అంచున, చెరుకు తోటల పక్కనుంచి. అప్పట్లో ఆడవాళ్ళు నీళ్ళకు నడిచేవాళ్ళు, పొలానికి నడిచేవాళ్ళు, సంతకు నడిచేవాళ్ళు. ఏ పనీ లేకుండా నడిచి తిరిగి రావడం ఎవరికీ తెలియదు. దానికి తోడు డాక్టరు వట్టికాళ్ళతో నడవొద్దన్నాడని అత్తమ్మ కొడుకుతో మగవాళ్ళ గుడ్డ బూట్లు తెప్పించుకుంది. గోచి చీర కింద తెల్ల బూట్లు. బస్సుల్లోంచి తలలు బయటికి పెట్టి చూసేవాళ్ళు. ఒక లారీ డ్రైవరు పాపం ముసలమ్మలని బండి ఆపి, "కహా జానా అమ్మా?" అని అడిగాడట. "కహీ నై బేటా, వాపస్ ఆనా" అందట ఈమె. ఎక్కడికీ లేదు కొడకా, తిరిగి రావాలె, అంతే అని. ఆ డ్రైవరు బండి పోనిచ్చిన తర్వాత కూడా చాలాదూరం అద్దంలో చూసుకుంటూ పోయాడని చెప్పి నవ్వేది.

సాయంత్రం స్నానమయ్యాక అద్దం నేల మీద పెట్టి, దాని మీదుగా పాదం పట్టుకొని అరికాలు చూసుకునేది. వేళ్ళ సందుల్లో గుడ్డ పెట్టి తుడుచుకునేది. నేను నవ్వితే, "ముఖం చూసుకునే వయసు నీది బిడ్డా. నాకిప్పుడు కాళ్ళు చూసుకునే వయసు" అనేది.

ఇంత జరుగుతున్నా ఆమె మాట వినని మనిషి ఒక్కరే ఉన్నారు. మా నాయిన.

నాయినకు కోహీర్‌లో జామతోట. ఎత్తు మనిషి, మాట పడని మనిషి. ఒకసారి సంతకు వచ్చి అత్తమ్మ ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. అన్నం ముట్టకముందే చెంబు నీళ్ళు తాగాడు. మళ్ళీ చెంబు నింపమన్నాడు. అత్తమ్మ రొట్టె వేస్తూ ఆయన మెడ వైపు, వదులైపోయిన అంగీ వైపు చూసింది. లేచి పెరట్లోకి పోయి వచ్చింది. ఆయన ఒంటికి పోయి వచ్చిన గోడ దగ్గర చీమలు బారు కట్టాయి.

"తమ్మీ, పోయేలోపల జర ఓ సీసల ఉచ్చ పట్టియ్యి. నేను చూస్త."

నాయిన చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఆగింది. "అక్కవని ఊకుంటున్న. మొగోణ్ణి ఉచ్చ అడుగుతవా? అదీ నా బిడ్డ ముంగట?"

"చిన్నప్పుడు నీ గుడ్డలు ఎవరు పిండిన్రురా? అప్పుడు లేని సిగ్గు గిప్పుడేడికెల్లి వచ్చింది?"

"నాకే రోగం లేదు."

"లేకుంటె మంచిదే గద. నీలంగనే ఉంటది. సంబురపడుదం."

"ఉన్నా నాకు తెల్వద్దు!" అని నాయిన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. చెయ్యి కడుక్కున్నాడో లేదో కూడా నాకు గుర్తులేదు. ఆ తర్వాత సంతకు వచ్చినా ఆ గడప ఎక్కలేదు. నేను కోహీర్ పోయి వచ్చినప్పుడల్లా అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగేది. నీళ్ళు బాగ తాగుతుండా? సన్నబడ్డడా? కాలికి చెప్పులు వేసుకొనే తోటకు పోతుండా? నేను చెప్పింది విని ఒక్క దగ్గు దగ్గి లేచిపోయేది. డాక్టరు చేత చెప్పించి చూసింది. నా చేత బతిమిలాడించింది. నాయిన వినలేదు.

తోటలో నరికిన కొమ్మ మొదలు ఒకటి ఆయన అరికాల్లో దిగింది. దిగినట్టు ఆయనకే తెలియలేదు. చెప్పులో రక్తం చూసి తెలుసుకున్నాడు. ఆకు పసరు కట్టి ఎవరికీ చెప్పకుండా తిరిగాడు. అమ్మ కబురు పంపేసరికి పాదం నల్లబడింది. హైదరాబాద్ పెద్ద దవాఖానలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

అత్తమ్మ, నేను కలిసి పోయాం. వార్డులో మమ్మల్ని చూడగానే నాయిన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె ఏమంటుందోనని నాకు భయం. ఆయనకూ అదే భయం అనుకుంటాను, భుజాలు బిగుసుకొని ఉన్నాయి. అత్తమ్మ తల దగ్గరికి పోలేదు. మంచం కాళ్ళ దిక్కు పోయి, దుప్పటి తొలగించి, ఉన్న పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. మడమ చూసింది. ఒక్కొక్క వేలు విడదీసి చూసింది. అరచేత్తో అరికాలంతా తడిమింది.

"ఇది మంచిగనే ఉంది తమ్మీ" అంది. "దీన్ని కాపాడుకుందం."

నాయిన గోడ వైపు తిరిగే ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఇంటికి పంపేటప్పుడు రోజూ ఇన్సులిన్ సూది పడాలన్నారు డాక్టర్లు. కోహీర్‌లో రోజూ ఎవరు వేస్తారు? అమ్మకు సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. నాయినకు అంతకంటే భయం, చెప్పుకోడు. అప్పటికి అత్తమ్మకు కూడా మాత్రలు పనిచేయక సూదే నడుస్తున్నది. ఆమె బిస్కెట్ల డబ్బా సంకన పెట్టుకొని వచ్చి తమ్ముడింట్లో దిగింది. వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లోనూ ఫ్రిజ్ లేదు. కుండలో ఇసుక పోసి తడిపి, మందు సీసాను గిన్నెలో పెట్టి ఆ ఇసుకలో దించింది. గాజు సిరంజి నీళ్ళలో మరగబెట్టింది. ఆయన ముందు కూర్చొని, చీర కుచ్చెళ్ళు పక్కకు జరిపి, తొడకు తానే సూది వేసుకుంది. తర్వాత ఆయనకు వేసింది. రోజూ అదే వరస, ముందు తనకు, తర్వాత తమ్ముడికి.

కొన్నాళ్ళకు ఒక దోరజామకాయ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. సిరంజిలో నీళ్ళు నింపి ఇచ్చింది. "దీనికి వెయ్యి."

"నేనేం చిన్న పోరడినా?"

"కాదు. చిన్న పోరడైతె నేనే వేద్దును, ఎన్నేండ్లైనా. నేను ముసల్దాన్ని. ఎన్నాళ్ళుంట?"

నాయిన మా తోట జామకాయలను పొడిచాడు. రెండు మూడు పాడు చేశాడు. ఒక పొద్దున ఆమె సిరంజి నింపి పక్కన పెట్టి, ఏదో పని ఉన్నట్టు లేచి పొయ్యి దగ్గరికి పోయింది. సెలవుకు కోహీర్ పోయిన నేను గుమ్మంలో ఉన్నాను. ఆయన చాలాసేపు సిరంజిని చూశాడు. పళ్ళు బిగపట్టి వేసుకున్నాడు. సూది తీసి, తొడ మీద నిలిచిన రక్తపు బొట్టును వేలితో తుడుచుకొని, "అక్కా" అని పిలిచాడు. "అయ్యింది. ఏం కాలె."

ఆమె పొయ్యి దగ్గరి నుంచి రాలేదు. "అయితె ఛాయ్ తాగు" అని కేకేసింది.

తర్వాత ఒకనాడు రబ్బరు పాదం పెట్టిన కాలు కట్టుకొని వాకిట్లో నడుస్తూ, "అక్కా, ఆనాడే నీ మాట వినుంటె" అని మొదలుపెట్టాడు నాయిన. ఆమె మధ్యలోనే ఆపింది. "ఆ ముచ్చట వద్దు. ఇయ్యాల నీకు ఏ రంగొచ్చిందో చెప్పు."

ఇంత చూసుకున్నా ఆమెను మాత్రం ఆ రోగం వదిలిపెట్టలేదు. జహీరాబాద్ తిరిగి వచ్చాక ముందు చూపును పట్టుకున్నది. కంటి వెనక నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. చూపు పూర్తిగా పోలేదు కానీ ఆకుపచ్చ ఏదో పసుపు ఏదో తెలియకుండా పోయింది. గొట్టం ముఖానికి దగ్గరగా పెట్టుకొని, దూరంగా పట్టుకొని, చివరికి పక్కనున్నవాళ్ళకు ఇచ్చేది. ఆ సంగతి తెలిసి నాయిన రబ్బరు కాలుతో బస్సెక్కి వచ్చాడు. వారమని వచ్చినవాడు నెలలుండిపోయాడు. పొద్దున్నే ఆ బండ మీద అక్కా తమ్ముడు పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఆయన కాగబెట్టి రంగు చెప్పేవాడు. ఆయనే సూది వేసేవాడు.

ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. గొట్టంలో ఎరుపు తిరిగింది. నాయిన నా వైపు చూసి, "శనగాకు రంగే అక్కా" అన్నాడు.

"తమ్మీ, నీకు నేనెన్నడన్న అబద్ధం చెప్పిన్నా?"

ఆయన తల దించుకున్నాడు. "ఎర్రగుంది" అన్నాడు.

"ఎంత ఎరుపు?"

"బాగ ఎరుపు."

"గట్ల చెప్పు. దాచిపెడితె నేను దేంతోని కొట్లాడాలె?" అని ఆయన చెయ్యి వెతుక్కొని పట్టుకుంది. ఆ రోజు దవాఖానకు పోయారు. మందు మార్చారు. తర్వాత మూత్రపిండాలు చెడ్డాయి, ముఖం ఉబ్బింది, నడక ఆగింది. నడక ఆగిన రోజు మాత్రం ఆమె బాగా కుంగింది. బర్రె ఆవిడ రోజూ ఒక్కతే నడిచి, తిరిగి వస్తూ ఈమె మంచం దగ్గర ఆగి, రోడ్డు మీద ఏం చూసిందో చెప్పి పోయేది. కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం, తమ్ముడు పాదాలకు నూనె రాస్తుండగా అత్తమ్మ పోయింది.

మూడో రోజు చెరుకు తోట గట్టు మీద పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడాలి. కోడలు జొన్నరొట్టె, పాలకూర, మజ్జిగ తెచ్చింది. ఇన్నేళ్ళూ అత్తమ్మ తిన్నవి అవే. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి కానీ దిగలేదు. ఎండ ఎక్కింది. "ఏదో తక్కువైంది" అన్నారు పెద్దవాళ్ళు.

నాయిన గట్టు మీద రబ్బరు కాలు చాపుకొని కూర్చున్నాడు. "పోలెలు పెట్టలేదు గద" అన్నాడు. "మా అక్కకు పోలెలంటె పానం. చిన్నప్పుడు నా వాటా గూడ గుంజుకొని తినేది."

నేను నిర్ఘాంతపోయాను. ప్రతి పండుగకూ పోలెలు చేసేది ఆమే. శనగపప్పు, బెల్లం రుబ్బిన పూర్ణాన్ని చేత్తో ఉండలు చేసి, పెనం మీద కాల్చి, వేడివేడిగా మా విస్తట్లో వేసేది. షుగర్ వచ్చినప్పటి నుంచి వేలికంటిన పూర్ణం కూడా నాకేది కాదు, చెయ్యి కడుక్కొనేది. ఆమెకు తీపి మీద మనసే పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె కోడలు కూడా అట్లాగే అనుకుందట.

కోడలు తటపటాయించింది. "కాని మామా, అత్తకు షుగర్ గద" అంది. అలవాటులో నోరు జారింది పాపం. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు లేదు బిడ్డా" అన్నాడు నాయిన. "పో, చేసుకురా. నెయ్యి జర ఎక్కువెయ్యి."

ఆమె ఇంటికి పోయి చేసి తెచ్చేదాకా ఎండలో అట్లాగే ఉన్నాం. వేడి పోలెలు విస్తట్లో పెట్టి అందరం వెనక్కి జరిగాం. నాయిన మాత్రం ఉన్నచోటనే ఉండి, విస్తరి దిక్కు వంగి మెల్లగా అన్నాడు. "తిను అక్కా. కడుపునిండ తిను."

కాకి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. నాయిననే చూస్తున్నాను.